గుండెకు తగలకుండా

ఆసుపత్రిలో రేడియేషన్ మోతాదు లెక్కగట్టే పని ఆమెది. రోగి ఒంటి బొమ్మను కంప్యూటర్లో తయారుచేసి, కిరణాలు ఎక్కడ ఎంత పడతాయో ముందే చూస్తుంది. ఇంటికెళ్తే పలకరించే దిక్కులేదు.

ఆ రోజు తెరమీద వచ్చిన పేరు అక్కది. ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎడమ రొమ్ములో గడ్డ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

గుండెకు సెగ తగలకుండా కిరణాల దారి పదకొండుసార్లు మార్చింది. డాక్టరు సరేనన్నాక కిందికి దిగింది. వరండా బెంచీ మీద అక్క ఒక్కతే కూర్చుని ఉంది.

"నువ్వే చూశావా?" అంది అక్క.

"నేనే. గుండెకేం కాదు."

"దానికి కావలసింది ఎప్పుడో అయిందిలే," అని మొహం తిప్పుకుంది అక్క. కానీ పక్కనున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. చెల్లెలు ఆ ఖాళీలో కూర్చుంది.