సున్నం లేని నీళ్లు

పొద్దున లేవగానే ఏసురత్నం చేసే మొదటి పని నీళ్లను పరీక్షించడం. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తూ రంగు మారేదాకా లెక్కపెడతాడు. ఎన్ని చుక్కలు పడితే నీళ్లలో అంత సున్నం ఉన్నట్టు. పెబ్బేరులో రేకుల షెడ్డు కింద అతనూ, భార్య నిరోషా తొమ్మిది తొట్లలో గప్పీలు, మోలీలు అనే రంగుచేపలు పెంచి గద్వాల, వనపర్తి దుకాణాలకు ఇస్తారు. ఏడేళ్లు బొంబాయిలో కాంక్రీటు మోసి వచ్చినవాళ్లు. మళ్లీ ఆ బస్సు ఎక్కకూడదనే ఈ చేపలు.

బోరు నీళ్లకు పన్నెండు చుక్కలు పడేవి. గిన్నెలకు తెల్లగా సున్నం పట్టించే ఆ నీళ్లను మనుషులు తిట్టుకునేవారు గానీ చేపలు హాయిగా పిల్లలు పెట్టేవి. ఎండాకాలం మొదట్లోనే బోరు ఎండిపోయింది. ఏసురత్నం ప్లాంటు నుంచి క్యాన్లతో ఫిల్టర్ నీళ్లు తెచ్చి పోశాడు. బోరు నీళ్లు తాగి మోకాళ్ల నొప్పులొచ్చే ఊళ్లో పెరిగినవాడికి అంతకంటే మంచి నీళ్లు ఇంకేముంటాయి? తామే కొనుక్కుని తాగని నీళ్లు చేపలకు పోశానని మురిసిపోయాడు కూడా, పిచ్చి మారాజు. వారం తిరక్కుండానే మోలీలు రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే ఊగసాగాయి. పరీక్షిస్తే ఒక్క చుక్కకే రంగు మారింది.

నిరోష కొంగు దోపుకుని, కుడిచెయ్యి మోచేతిదాకా తొట్టిలో పెట్టి కూర్చుంది. ఆమె ఒంట్లోని సున్నం నీళ్లలోకి దిగింది. గంటకు ఎనిమిది చుక్కలయ్యాయి, చేపలు రెక్కలు విప్పాయి. పక్కింటి తిరుపతమ్మ వచ్చి, ఎన్ని చుక్కలయ్యాయని అడిగి, చాయ్ తాగి వెళ్లింది.

ఎండాకాలమంతా రోజుకో తొట్టి. నిరోష గాజులు జారిపోయాయి, మనిషి రెండు వేళ్లు పొట్టిదైంది. ఏసురత్నం వద్దనలేదు, చుక్కలు లెక్కపెట్టాడు. ఆ మాట దాచి లాభం లేదు. తొలకరికి బిందె ఎత్తబోయి ఆమె కూలిపోయింది. దవాఖానలో ఎక్స్‌రే తీస్తే ఎముకలు కనపడీ కనపడనట్టున్నాయి. డాక్టరు పాలు తాగమని రాశాడు.

చేపల కోసం గద్వాల నుంచి వచ్చిన దుకాణదారు వెంకటన్న మంచంలో ఉన్న నిరోషను చూసి, సంగతంతా విని తల పట్టుకున్నాడు.

"కోడిగుడ్డు పెంకులు కడిగి, బట్టల మూటగట్టి తొట్ల ఏస్తే అయిపోతుండె గద తమ్మీ."

ఏసురత్నానికి ఏడుపు కూడా రాలేదు. వెంకటన్న వెళ్లాక భార్యను ఎత్తుకెళ్లి షెడ్డులో పడుకోబెట్టి, ఆమె చేతిని మొదటి తొట్టిలో పెట్టాడు.

"వద్దయ్యా. చేపలు సచ్చిపోతయి. మళ్ల బొంబాయే గద."

"పోత. నువ్వయితే లేవాలె."

నీళ్లు సున్నాన్ని తిరిగి ఇచ్చాయి. ఒక్కో తొట్టిలో చేపలు రెక్కలు ముడుచుకుని, ఊగి, అడుగుకు చేరాయి. సాయంత్రానికి తొమ్మిది తొట్లలోనూ ప్రాణమున్న చేప లేదు. కానీ ఇన్ని నెలలు నీళ్లు మార్చి మార్చి మోరీలోకి పారబోసిందంతా పోగా, మిగిలింది ఆమె కుడిచేతికే సరిపోయింది.

మర్నాడు నిరోష పడుకునే ఉండి, ఆ చేత్తో అతని బట్టలు ఒక్కొక్కటే సంచిలో పెట్టింది. తనను ఎవరు చూసుకుంటారని ఆమె అడగలేదు.