రసమట్టం బావగారు కట్టించిన గుమ్మం

నేను కాపురానికి వచ్చిన రోజున ఈ ఇంటి హాలుకి నేల లేదు. కంకర, ఇసుక, వాటి మీద అడ్డంగా వేసిన ఒక చెక్క పలక. ఆ పలక మీద మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే నాకు నవ్వాగలేదు. మా కాపురంలో మొదటి షికారు అదే.

నేల ఎందుకు లేదంటే, మా బావగారు దాన్ని లేపుతున్నారు. ఒక వానకి గుమ్మం లోపలికి చెంబుడు నీళ్లు వచ్చాయట. అది పైకి చెప్పే కారణం. అసలు కారణం, ఎదురింటాయన తన హాలు జానెడు ఎత్తు లేపించుకోవడం. వాళ్ల వరండాలో నిలబడితే మన ఇల్లు గుంటలో ఉన్నట్టు కనబడుతోందని బావగారికి నిద్ర పట్టలేదు. ఆ జానెడుకి సమాధానంగా మూరెడు లేపమన్నారు.

బావగారు చేసేది బట్టల మిల్లులో గుమాస్తాగిరీ. నమ్మేది మాత్రం తాను పుట్టు ఇంజనీరునని. నేల చదునుగా ఉందో లేదో చూసే రసమట్టం ఒకటి కొని, అందులో గాలిబుడగ మధ్యలో నిలబడితే లోకం నిలబడినట్టే అనుకుంటారు. దాన్ని టీవీ మీద పెడతారు, ఫ్రిజ్ మీద పెడతారు. మా కొత్త మంచం మీద కూడా పెట్టి, తలవైపు వాలిందని తేల్చారు. మంచం వాలితే ఆయనకేం నష్టమో నాకు తెలియలేదు. మా గదిలో ఆయన పేరు రసమట్టం. ఆ పేరు మొదట ఎవరు పెట్టారని అడిగితే మా ఆయన నన్ను చూపిస్తాడు, నేను ఆయన్ని చూపిస్తాను.

ఇక మా అత్తయ్య. చాలా ఏళ్ల కిందటి ప్రమాదంలో ఆవిడ కాళ్లు పడిపోయాయి. నోరు మాత్రం నాలుగు కాళ్ల మీద నడుస్తుంది. వీధి మలుపులో తాళాల దుకాణం ఆవిడది. పోయిన తాళంచెవికి మారుచెవి కోసిస్తుంది, బిగుసుకున్న తాళం విప్పిస్తుంది. మామయ్య పోయాక ఒక్కరోజు కూడా దుకాణం మూయలేదట. పొద్దున్నే చక్రాల కుర్చీలో హాలు దాటి, గుమ్మం దాటి, ముందున్న చిన్న వాకిలి దాటి, ఒకరి చెయ్యి ఆసరా లేకుండా వీధిలోకి వెళ్లిపోయేది. అన్నీ ఒకే మట్టంలో ఉండేవి మరి. ఆ మట్టం చూడటానికి రసమట్టం అక్కర్లేదు.

హాలు లేచింది, ఆవిడ ఆగిపోయింది.

కొడుకులిద్దరూ కుర్చీతో సహా మోసి దింపేవారు. బావగారికి అదొక గొప్ప. వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి మరీ మోసేవారు. ఆయన మిల్లుకి తొందరగా వెళ్లిన రోజున అత్తయ్య ఇంట్లోనే. దుకాణం దగ్గర జనం చూసి చూసి పోయేవారు. పైగా, ఈ వయసులో దుకాణం ఎందుకు, హాయిగా కొత్త హాల్లో కూర్చోవచ్చు కదా అని బావగారు రోజూ ఒక మాట వేసేవారు. అత్తయ్య ఒకసారి మాత్రమే జవాబిచ్చింది.

“మోయించుకునే రోజు నాకొకటి ఉందిరా. అది ఇంకా రాలేదు. అప్పటిదాకా భుజాలు దాచుకో.”

వాలుదారి వేయిస్తానని బావగారు మాటిచ్చారు. ఈలోపు ఇంకో సంగతి బయటపడింది. నేల మూరెడు లేచింది కానీ, గుమ్మం పైకమ్మీ ఉన్నచోటే ఉంది. గుమ్మం పొట్టిదైపోయింది. లోపలికి తెరుచుకునే తలుపు కొత్త నేలకి అడ్డం పడింది. దాన్ని కింద కోయించి, బందులు మార్పించి, బయటికి తెరుచుకునేలా చేశారు. మా ఆయన పొడగరి. వారంలో ఆయన నుదుటి మీద రెండు బొప్పులు. వాటికి మందు రాయడం నాకు ఇష్టమైన పని కనుక నేనేమీ అనలేదు. బావగారిది ఆ గుమ్మానికి సరిపోయే ఎత్తు. తలకాయ తగలదు కనుక తప్పు కూడా తగలలేదు.

అన్నయ్యతో నేను మాట్లాడతానని మా ఆయన రోజూ అనేవాడు. పళ్లు తోముకుంటూ అనేవాడు, చొక్కా వేసుకుంటూ అనేవాడు. అన్నయ్య ఎదురుపడగానే వాతావరణం గురించి మాట్లాడేవాడు. ఎంత ముద్దొచ్చినా పిరికితనం పిరికితనమే.

వాలుదారి తయారైంది. వాకిలి చిన్నది కనుక గేటు దగ్గర మొదలై తిన్నగా తలుపు దాకా ఎక్కేసింది. ఒప్పుకునేముందు అత్తయ్యని ఒకసారి ఎక్కి చూడమందామని నేనన్నాను. పెద్దావిడకి శ్రమ ఎందుకమ్మా అన్నారు బావగారు. తలుపు బార్లా తీయించి, ఖాళీ కుర్చీని తనే వెనకనుంచి పైకి తోసి చూశారు. కుర్చీ చక్కగా ఎక్కింది. మేస్త్రీ, “మీ లెక్క తప్పుతుందా సార్” అన్నాడు. ఆ మేస్త్రీ, బావగారు చీకటి పడలేదంటే దీపం ఆర్పేసే రకం. ఆ ఇంట్లో మర్యాద అంటే అది. అందరూ అత్తయ్యని గౌరవిస్తారు, ఎవరూ ఆవిణ్ణి అడగరు.

పని చూసి సరే అనడానికి భవన నిబంధనల ఆఫీసు నుంచి తనిఖీ మేడం వచ్చింది. ఆవిడ వస్తూనే గుమ్మం ఎత్తు చాలదంది. నిబంధనలు కాగితం మీద ఉంటాయి మేడం, ఇల్లు నేల మీద ఉంటుంది అన్నారు బావగారు. వాలుదారి చూడమని, మళ్లీ ఖాళీ కుర్చీ తెమ్మన్నారు. అత్తయ్య హాల్లో మామూలు కుర్చీలోకి మారి, చక్రాల కుర్చీని మా ఆయన చేత బయటికి పంపించింది. నేను ఆవిడ పక్కనే నిలబడ్డాను. గాలికి తలుపు మూసుకుంది. అప్పుడు కిటికీలోంచి అత్తయ్య మెల్లగా అంది.

“ఖాళీ కుర్చీకి బయట పనేముందిరా? నువ్వు కూర్చుని ఎక్కు.”

మేడం కూడా అదే మంచిదంది. బావగారు కూర్చున్నారు, ఒళ్లో రసమట్టంతో సహా. చక్రాలు తిప్పుకుంటూ, మెడ నరాలు తేల్చుకుంటూ, తలుపు దాకా వచ్చారు. వచ్చి ఆగారు.

తలుపు తెరుచుకునేది ఆయన మీదికే. తెరవాలంటే వెనక్కి జరగాలి. వెనకంతా వాలు. పిడి పట్టుకోవాలంటే ఒక చెయ్యి చక్రం మీదనుంచి తీయాలి. తీస్తే కుర్చీ జారుతోంది. ఒకసారి తీశారు, జారారు, చటుక్కున పట్టుకున్నారు. రసమట్టం ఒళ్లోంచి దొర్లి గేటు దాకా పోయింది. ఎక్కలేరు, దిగలేరు. చెమట ముక్కు మీద నుంచి కారుతోంది, తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేదు.

“అమ్మా, కాస్త తలుపు తియ్యి,” అన్నారు.

“నేనెలా రానురా? కుర్చీ నీ దగ్గరుంది.”

నేను తీయొచ్చు. అత్తయ్య చెయ్యి నా చెయ్యి మీద పడింది, బరువుగా ఏమీ లేదు. నాకూ తొందర లేదు.

బయట మేడం చెబుతోంది. తలుపు ముందు కుర్చీ నిలబడేంత చదును నేల ఉండాలట. అంత చోటు విడిచిపెడితే వాలుదారి గేటు దాటి వీధిలోకి వస్తుంది, వీధి ఎవరి సొత్తూ కాదు. ఇలా అయితే సంతకం పెట్టనంది. వచ్చే నెల చూద్దాం లెండి అని బావగారు ఆ వాలు మీదనుంచే బేరం పెట్టారు. అప్పుడు వినబడింది మా ఆయన గొంతు, నాకు కూడా కొత్తగా.

“వచ్చే నెల కాదన్నయ్యా. గుమ్మం వైపు సగం హాలు రేపు పగలగొట్టిస్తున్నాను. అప్పటిదాకా కావాలంటే నిన్ను పట్టుకునే ఉంటాను.”

వాతావరణం గురించి ఒక్క ముక్క లేదు. నేను ఆ కిటికీ దగ్గరే ఇంకోసారి పెళ్లి చేసుకునేదాన్ని.

మర్నాడు సమ్మెట దెబ్బలకి ఇల్లంతా దుమ్ము. గుమ్మం వైపు సగం పాత మట్టానికి దిగింది. వాలు హాలు లోపల గోడ వెంట నిదానంగా వచ్చింది. తలుపు మళ్లీ లోపలికి తెరుచుకుంది. ఆ చెంబుడు వాననీళ్ల కోసం గుమ్మం ముందు జాలీ వేసిన చిన్న కాలువ చాలింది. నేను కాపురానికి రాకముందే చాలేది. బావగారు మాత్రం అసలు మొదటినుంచీ తన ప్లాను ఇదేనని ఎదురింటాయనకి చెప్పుకుంటున్నారు.

అత్తయ్య పొద్దున్నే ఎవర్నీ పిలవకుండా వెళ్లిపోయింది. చక్రాల చప్పుడు మలుపు దాకా విన్నాను.

గుమ్మం పాత ఎత్తుకి వచ్చినా మా ఆయన ఇంకా తల వంచే లోపలికి వస్తాడు. అలవాటైపోయింది పాపం. నేను చెప్పను. అలా వంగినప్పుడే ఆ నుదురు నాకు అందేది.