పదకొండు సెకన్లు

“ఇదిగో, ఇక్కడో సంతకం పడేయ్” అంటూ మొగుడు కాగితం తెచ్చి ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా మీదే పెట్టాడు. చొక్కా అతనిదే. రేపు అది తొడుక్కుని ప్రమోషన్ కమిటీ ముందు కూర్చోవాలి.

అతను యూనివర్సిటీలో డిజిటల్ సినిమా పాఠాలు చెబుతాడు. అక్కడ సినిమా తీస్తే సరిపోదు, అది పరిశోధన అని పెద్దల చేత ఒప్పించాలి. అందుకు, సినిమాకు పనిచేసిన ప్రతివాళ్లూ, ఎవరి పని ఏమిటో రాసిన ఈ కాగితం మీద సంతకం చెయ్యాలి. ఒక్క సంతకం తగ్గినా సినిమా చెల్లదు.

ఆమె చదివింది. దర్శకత్వం అతనిది. ఎడిటింగూ పరిశోధనా అతని కింద పనిచేసే లెక్చరరుది, అందరూ చిన్న మేడమ్ అనే పిల్లది. అట్టడుగున ‘ఇతర సహాయం’ అన్న గడిలో తను. టీ అందించిన వాళ్లను ఇరికించే గడి అది.

“ఎడిటింగ్ ఆ అమ్మాయి చేసిందా?”

“అబ్బ, మళ్లీ మొదలెట్టకు. దాని ఉద్యోగం ఖాయం కావాలంటే ఏదో ఒకటి చూపించాలి కదా. నీకెందుకివన్నీ? ఇంట్లో మనిషివి.”

ఇంట్లో మనిషి! ఇద్దరూ ఒకే క్లాసులో చదివారు. ఎడిటింగులో ఫస్టొచ్చింది ఆమె. ఇప్పుడు కంచాలు తీసేసి, అత్తగారి మోకాళ్లకు నూనె రాసి, ఆ భోజనాల బల్ల మీదే అతని సినిమాలు కూర్చి పెడుతుంది. ఈ సినిమా కూడా అక్కడే పుట్టింది. మూతపడ్డ హాల్లో ముప్పైయేళ్లు టికెట్లు చింపిన ముసలామె కథ. “మీ ఆయన ఎప్పుడైనా మీకు సినిమా చూపించాడా?” అని అడిగితే ఆమె పదకొండు సెకన్లు మాట్లాడదు. తర్వాత, “హాలు మాత్రం చల్లగా ఉండేది” అంటుంది. “ఇంతసేపు ఎవడు చూస్తాడు, కోసెయ్” అన్నాడు మొగుడు. రెండ్రోజులు పోట్లాడి ఉంచింది.

పోయిన వారం యూనివర్సిటీలో సినిమా వేస్తే ఆ పదకొండు సెకన్లూ హాల్లో ఒక్కరూ దగ్గలేదు. తర్వాత చిన్న మేడమ్ మైకు పట్టుకుని, “ఆ మౌనాన్ని మేం కత్తిరించదలచుకోలేదు” అంది. చప్పట్లు. వెనక వరసలో ఈమె మాత్రం కొట్టలేదు. ఇంటికొచ్చాక అత్తగారు అననే అంది, “మొహం అలా మాడ్చుకున్నావేం? ఆ పిల్ల మీద కుళ్లా?” కుళ్లే. దాచేదేముంది? మొగుడు ఆ పిల్లకు మనసిచ్చినా ఇంత మండేది కాదు. మనసు అతనిది, ఇచ్చుకుంటాడు. ఆ పదకొండు సెకన్లు ఎవరివని ఇచ్చాడు?

“ఇంకోటి” అన్నాడతను, కాస్త గొంతు తగ్గించి. “కమిటీలో ఒక జిడ్డుగాడున్నాడు. పదకొండే ఎందుకు, పదెందుకు కాదు, పన్నెండెందుకు కాదు అని పీక్కుతింటాడు. నాలుగు ముక్కలు రాసివ్వు.”

“చిన్న మేడమ్‌ని అడగలేకపోయారా?”

“అడిగా. అంత ఉంచమని మీరే చెప్పారనుకున్నా సార్ అంది.”

ఆమెకు నవ్వొచ్చింది. పదికి కోస్తే ముసలామె మర్చిపోయిందేమో అనిపిస్తుంది. పన్నెండుకు కోస్తే మనం జాలిపడుతున్నట్టుంటుంది. పదకొండో సెకనులో ఆమె మొగుణ్ణి గుర్తుతెచ్చుకుని, వదిలేస్తుంది. నాలుగు ముక్కలు కూడా అక్కర్లేదు, మూడు చాలు.

ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపింది. చొక్కా చెయ్యి ఒకటి ఇంకా నలిగే ఉంది. చొక్కా అలాగే అతని చేతిలో పెట్టి, కాగితం పైన పెట్టింది.

“ఎడిటింగ్ దగ్గర నా పేరు రాసుకు రండి, సంతకం చేస్తా. రేపు నేనూ వస్తా. పదకొండే ఎందుకో వాళ్లకు నేనే చెబుతా.”

“నువ్వా? నా పక్కన నువ్వొచ్చి కూర్చుంటే ఎవరనుకుంటారే?”

“ఎడిటరనుకుంటారు.”