క్రిసోఫొరో గడప దాటిన విధం

మధ్యాహ్నం భోజనాలయ్యాక సరస్సు ఊళ్ళోకి వస్తుంది. మెట్ల వీధి ఎక్కి, చర్చి దాకా పోయి, కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. ఆ వేళకి ఆడవాళ్ళు ఎంగిలి గిన్నెలు గుమ్మం ముందు పెట్టుకుంటారు. చెప్పులు గోడెక్కించడం మరిచినవాళ్ళు మర్నాడు పక్కింట్లో వెతుక్కుంటారు. గడప లోపలికి మాత్రం రాదు, మర్యాద తెలిసిన సరస్సు.

ఆ రోజు ఒబ్దూలియా గిన్నెలు బయట పెట్టలేదు. ఆమె కూతురు నసారియా ఎదురు దీవి కుర్రాడితో లేచిపోయి నెల దాటింది. ఆ ఊళ్ళో అదేం వింత కాదు, ఒబ్దూలియా కాపురానికి వచ్చిందీ అలాగే. తర్వాత అబ్బాయి తరఫువాళ్ళు బుట్టల్లో రొట్టెలూ పళ్ళూ మోసుకొచ్చి, గుమ్మం ముందు మోకరిల్లి క్షమించమని అడగాలి. పిల్ల తండ్రి బయటికొచ్చి రొట్టె అందుకుంటే పెళ్ళి. మూడుసార్లొచ్చినా అందుకోకపోతే ఆ పిల్లకి ఇక పుట్టిల్లు లేదు. ఇది మూడోసారి; నసారియా కూడా వాళ్ళతో వచ్చి గుమ్మం ముందు మోకరిల్లింది.

తలుపుకి అడ్డగడియ బిగించి, పిల్ల తండ్రి క్రిసోఫొరో జమ్ముచాప మీద బిగుసుక్కూర్చున్నాడు. దీవివాళ్ళతో అతనికి వలల దగ్గర పాత తగువు. నా కాళ్ళతో నడిచి వాళ్ళ కోసం గడప దాటనని మొదటి రోజే ఊరందరి ముందూ ఒట్టేశాడు.

"ఏమయ్యా, పిల్ల రాళ్ళ మీద మోకాళ్ళేసి ఎంతసేపుంటుంది?"

"ఒట్టంటే ఒట్టే."

"నన్ను లేపుకొచ్చినప్పుడు మా నాన్నా ఇలాగే కూచునుంటే?"

"మీ నాన్నకి ఆకలెక్కువ. రొట్టె చూసి ఆగలేకపోయాడు."

"అన్నా, ఇక వెళ్ళమంటావా?" బయటినుంచి దీవి పెద్దాయన అడిగాడు.

క్రిసోఫొరో చాప అంచు గట్టిగా పట్టుకున్నాడు. అతని మనసు ఎప్పుడో కరిగిందనీ, ఆడిన మాటే అడ్డొస్తోందనీ ఒబ్దూలియాకి తెలుసు. అయినా ఏం లాభం? కూతురు ఇక దక్కదేమోనని ఆమె గుండె జారిపోయింది.

అప్పుడొచ్చింది సరస్సు. ఈసారి గడప దగ్గర ఆగలేదు. తలుపు కిందనుంచి దూరి, పొయ్యి జోలికి పోకుండా, అడ్డగడియ ఎత్తి పక్కన పెట్టింది. చాపతో సహా క్రిసోఫొరోని పైకి లేపింది. దిగితే మోకాల్లోతే. అతను దిగలేదు సరికదా, కాళ్ళు ఇంకాస్త ముడుచుకున్నాడు. చాప మెల్లగా గడప మీదుగా తేలుతూ వెళ్ళి కూతురి ముందు ఆగింది.

"నేను అడుగు వెయ్యలేదు. అందరూ చూశారుగా?"

"చూశాం, చూశాం!" అంది వీధంతా.

క్రిసోఫొరో చాప మీదనుంచే చెయ్యి చాచి, దీవి పెద్దాయన నెత్తిమీది బుట్టలోంచి ఒక రొట్టె తీసి, విరిచి, సగం నసారియా చేతిలో పెట్టాడు.

"చిక్కిపోయావేమే. పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

"లేదు నాన్నా," అంటూ నసారియా బావురుమంది.

ఒబ్దూలియా గుండెల మీది బండ దిగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ నీళ్ళలోనే పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

"ఒసే, చేపలు నాలుగు ఎక్కువ కాల్చు," వెనకనుంచి మొగుడు కేకేశాడు. "వియ్యాలవారొచ్చారు!"