తెగిన గీత, నిండు గీత

మా బావకి ఇంట్లో అందరం కలిసి పెట్టిన పేరు పగుళ్ల బావ. ఎవరింటికి వెళ్లినా కుశలం అడిగే ముందు గోడల వంక చూస్తాడు. అక్కతో పెళ్లయిన కొత్తలో, సరదాగా తిరిగొద్దామని ఆమెని బయల్దేరదీసి, ఒక వాగు ఒడ్డున నిలబెట్టాడట. ఆ వాగు తిన్నగా వచ్చి, ఉన్నట్టుండి పక్కకి జరిగి, మళ్లీ తిన్నగా ఎందుకు పోతోందో సాయంత్రం దాకా వివరించాడట. కింద నేల చీలి ఒక ముక్క పక్కకి జరిగిందనీ, దాంతోపాటు వాగూ జరిగిందనీ. "మొగుడు దొరికాడనుకున్నాను, మేష్టారు దొరికాడు" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

మేం నవ్వుకునేవాళ్లం గానీ ఆయన పని నవ్వులాట కాదు. భూమిలో ఉన్న పగుళ్లలో ఏవి చచ్చాయి, ఏవి ఇంకా బతికున్నాయి అని తేల్చడమే ఆయన చదువూ, ఉద్యోగమూ, జబ్బూ. బతికున్న పగులు ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కదులుతుంది. అదే భూకంపం. నలభై ఏళ్లపాటు ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి, కొండల వెంట కాళ్లరిగేలా తిరిగి, ఆ పగుళ్లని మ్యాపుల మీద గీశాడు. తవ్వి, కళ్లారా చూసిన చోట నిండు గీత. ఉండొచ్చని అనుమానం ఉన్న చోట తెగిన గీత, ముక్కలు ముక్కలుగా. ఈ తేడాతో నాకేం పని? చిన్నపిల్లలకి బడి నడుపుకునేదాన్ని.

పని పడింది. వసారాలో చాప పరిచి మొదలుపెట్టి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, నా రక్తం ధారపోసి నిలబెట్టిన బడి అది. మేడ మీద నాలుగు గదులు వేద్దామని అనుమతికి వెళ్తే, ఆఫీసులో గుమాస్తా ఒక మ్యాపు తిప్పి నా ముందుకి తోశాడు. మా ఆటస్థలం మీదుగా, ఒకటో తరగతి గది మీదుగా ఒక తెగిన గీత. కింద మా బావ పేరు.

ఆ మధ్యాహ్నమే వెళ్లి అక్క ఇంటి మీద పడ్డాను. గీసేటప్పుడు అది మరదలి బడి అని తెలీదా అని అడిగాను. తెలుసట. మరి నాకెందుకు చెప్పలేదంటే, వట్టి అనుమానాన్ని ఏమని చెప్పను అన్నాడు. ఆ గీతని చెరిపెయ్యాలన్నా నిండుగా చెయ్యాలన్నా నేల తవ్వి చూడ్డం ఒక్కటే దారట.

"అయితే తవ్వు," అన్నాను.

"తవ్వకపోతే కొత్త గదులు రావు, అంతే. బడి బడిలాగే ఉంటుంది. తవ్వి, పగులు కనబడినా బడి మూయమని ఎవరూ అనరు. అది నీ ఇష్టం. కానీ తెలిసినదాన్ని మళ్లీ తెలియనట్టు చేసుకోలేవు. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏముంది? నా నేలలో ఏ పగులూ లేదని నాకు గట్టి నమ్మకం. అక్క వద్దే అని చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను.

సెలవుల్లో తవ్వారు. ఆటస్థలానికి అడ్డంగా, మనిషి దిగితే తల మునిగేంత లోతు గొయ్యి. సొంతవాళ్ల నేల కాబట్టి తన కళ్లొక్కటే చాలవని, ఒకప్పుడు తన దగ్గర చదువుకుని ఇప్పుడు వేరే చోట పనిచేస్తున్న పరిశోధకురాలిని బావ పిలిపించాడు. ఆయన ఒక గోడ చదవాలి, ఆమె ఎదుటి గోడ చదవాలి. ఇద్దరూ ముగించేదాకా ఆ సంగతి ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఒకరి అభిప్రాయం ఇంకొకరికి అంటుకుంటుందని వాళ్ల భయం. ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చుని, తాపీలతో మట్టిని నున్నగా గీరుతూ ఉండేవాళ్లు.

నాకు కాలు నిలవలేదు. గట్టు మీద నిలబడి, ఏమైనా కనబడిందా అని ఆయన ప్రాణం తోడేశాను. చివరికి బావ చెయ్యి అందించి నన్ను గోతిలోకి దించాడు. ఎర్ర గుడ్డపీలికలు కట్టిన మేకులు గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు.

"నన్నడక్కు," అన్నాడు మెల్లగా. "అదుగో, ఆ నల్లటి పొర. ఒకప్పుడు ఇక్కడో మడుగు ఉండేది, దాని అడుగు అది. ఆ పొరనే పట్టుకుని వెళ్తూ మేకులు గుచ్చు."

అరచేతి మందాన ఉంది పొర, చీర అంచులా తిన్నగా. ఒక్కో మేకు గుచ్చుకుంటూ ధీమాగా నడిచాను. గొయ్యి మధ్యకి వచ్చేసరికి పొర లేదు. ఎదురుగా గులకరాళ్లు. పైన చూశాను, లేదు. ఏ ఎలక బొరియో అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని వెతికితే మూరెడు కింద దొరికింది. అక్కణ్ణుంచి మళ్లీ ఏమీ ఎరగనట్టు తిన్నగా సాగిపోయింది.

దాని పైన గోధుమరంగు పొర ఇంకోటి ఉంటే దానికీ గుచ్చాను, ఇదైనా నా మాట వింటుందేమోనని. అది జానెడే దిగింది. కానీ సరిగ్గా అక్కడే దిగింది. అంటే నల్లపొర ఒకసారి తెగాక, దాని మీద ఈ పొర పేరుకున్నాక, రెండూ కలిసి మళ్లీ తెగాయి. పగులు రెండుసార్లు కదిలింది. నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. పైకెక్కి అక్కణ్ణుంచి చూస్తే, తిన్నగా ఒకటో తరగతి గది. కిటికీకి పిల్లలు అంటించిన కాగితం చేపలు.

సాయంత్రానికి ఆమె కూడా ముగించింది. నా మేకుల వంక చూసి, తన గోడ చూపించింది. అక్కడా అదే. ఆమె సామాను తీసుకుని వెళ్లాక నేనూ బావా గోతి గట్టున మిగిలాం.

"ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

"తెలీదు. రేపు రావచ్చు. నీ మనవల మనవలు పోయాక రావచ్చు."

"మరి నలభై ఏళ్లు ఏం వెలగబెట్టావు?"

"ఎక్కడ వస్తుందో తెలుసుకున్నాను. ఎప్పుడన్నది నాకు చేతకాలేదు."

సిగ్గు విడిచి బతిమాలాను. గొయ్యి పూడ్చేద్దామనీ, తెగిన గీతని తెగినట్టే ఉంచెయ్యమనీ, తన శిష్యురాలిని కూడా నోరు మూసుకోమనమనీ. ఆయన కోప్పడలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి మీదుగా ఇలాగే తెగిన గీత గీశానని చెప్పాడు. అక్కడ తవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు, ఆయనా పట్టుబట్టలేదు. తర్వాత ఆ ఊరికి భూకంపం వచ్చింది. వాన పడితే జాడలు పోతాయి కాబట్టి కొలవడానికి పరుగెత్తి వెళ్లాలి, ఈ పనిలో అదొక ఖర్మ. వీధి ఎంత జరిగిందో కొలుద్దామంటే టేపు రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. కూలిన ఇంటి ముందు కూర్చున్న ఒకాయన లేచి వచ్చి పట్టుకున్నాడు. కొలత అయ్యాక, ఇది మీకు ముందే తెలుసా అని అడిగాడు. ఆయన కూతురు ఇంకా ఆ రాళ్ల కిందే ఉంది.

"అనుమానం ఉండేదని చెప్పాను," అన్నాడు బావ. "ఆయన కొస వదిలిపెట్టి వెళ్లి మళ్లీ అక్కడే కూర్చున్నాడు."

నాకు జాలేసింది. అలాగని కోపమూ పోలేదు. వారం రోజులు అక్కతో కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాత తల్లిదండ్రుల్ని పిలిపించాను. బావ వెనకాల, పిల్లల బెంచీలో మోకాళ్లు పట్టక ఇరుక్కుని కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పి, బడి మూసేస్తున్నానన్నాను. గొల్లుమన్నారు. ఎప్పుడో రాబోయేదానికి ఇప్పుడీ రాద్ధాంతం ఏమిటని ఒకరు, మా పిల్లలు ఎక్కడికి పోవాలని ఇంకొకరు. ఒక తండ్రి వెనక్కి తిరిగి బావనే నిలదీశాడు, వస్తుందని రాసిస్తారా, రాకపోతే ఎవరు పూచీ అని. బావ బెంచీ పట్టుకుని లేవబోయాడు. నలభై ఏళ్లుగా ఎన్ని ఊళ్లలో ఇలా లేచి నిలబడి తిట్లు తిన్నాడో. ఆ ముఖం చూడలేకపోయాను.

"ఆయన్ని కాదు, నన్నడగండి," అన్నాను. "మేకులు గుచ్చింది నేను. నేల తెగి ఉంది, నా కళ్లతో చూశాను. ఎప్పుడొస్తుందో నాకూ తెలీదు. తెలిసి తెలిసి మీ పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టలేను."

బావ లేవలేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.

పిల్లలు తలో బడికీ వెళ్లిపోయారు. నలుగురికి జీతాలిచ్చినదాన్ని, ఇప్పుడు ఇంకొకరి బడిలో మూడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. కడుపు రగిలిపోతూ ఉంటుంది, దాచడమెందుకు? మ్యాపులో నా నేల మీద గీత నిండుగా ఉంది. భూకంపం రాలేదు. బజారులో ఎదురైనవాళ్లు, "ఏం టీచరమ్మా, మీ భూకంపం ఇంకా బయల్దేరలేదా?" అని నవ్వుతారు. తల వంచుకుని వచ్చేస్తాను. నేను పోయేదాకా వాళ్లు అలా నవ్వుతూనే ఉండాలనీ, నేను పోయాక వాళ్ల పిల్లలు కూడా నవ్వుతూనే ఉండాలనీ రోజూ కోరుకుంటాను.