హవాయి గిటారుకు కోతల పండగలో వేలం

ఫైలిన్ తుఫాను వెళ్లిన నెలలో మా అమ్మాయి రూబీకి హవాయి గిటారు నేర్చుకోవాలనే కోరిక పుట్టింది. ఇల్లు నిలబడినందుకు దేవునికి వందనాలు చెప్పుకుంటూ ఉండగా ఇదొకటి. అది మామూలు గిటారులా గుండెకు ఆనించుకుని వాయించేది కాదు. ఒడిలో పడుకోబెట్టి, ఎడమ చేత్తో తీగల మీద స్టీలు కడ్డీ జారుస్తూ, కుడి చేత్తో మీటాలి. మా నౌపడ చర్చిలో దాన్ని వాయించేది పరంజ్యోతి మాస్టారొక్కరే. ఆయన జనవరిలో బరంపురంలోని కూతురింటికి వెళ్లిపోతున్నారు. రూబీ నేర్చుకుంటే ఈ రెండు నెలల్లోనే నేర్చుకోవాలి.

"కరెంటుది కొనీద్దుం," అంటూ మా ఆయన ఎజ్రా సెల్లులో బొమ్మ చూపించారు. ఆయనకు రైల్వే గేటు దగ్గర డ్యూటీ.

"ఒడిలో కరెంటెట్టుకుంటాదేటి పిల్ల? షాకు కొడితేనో?"

"నీకు తడిబట్ట ఆరేసినా షాకే గదా!"

మొదటిదానికి కరెంటు అక్కర్లేదని మాస్టారు చెప్పారు. చవకలో చెక్క గిటారు కొని, తల దగ్గర తీగల కింద ఇనపముక్క పెట్టి వాటిని పైకి లేపితే చాలట. కడ్డీ గిటారు మెడ మీది మెట్లకు తగలకుండా జారుతుందట. తీగలు అంత బిగిస్తే మెడ విరిగిపోదా అని అడిగాను. నా ప్రశ్నలకు విసిగారో, రూబీ మీద జాలిపడ్డారో, ముక్క బిగించి ఉన్న తన రెండో గిటారు ఊరికే ఇచ్చేస్తానన్నారు. ఊరికే! రేపు చెయ్యి జారి పగిలితే ఏ మొహం పెట్టుకుని చర్చికి వెళ్లాలి? వద్దన్నాను. రూబీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారమే కోతల పండగ. మా సంఘంలో ఎవరికి పండింది వాళ్లు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేసి ఆ డబ్బు చర్చికి జమచేస్తారు. ఆనపకాయలకూ వడ్ల బస్తాలకూ మధ్య మాస్టారి గిటారు కనపడింది. నేను కాదన్నానని కోపం వచ్చి దేవుడికి ఇచ్చేశారనుకున్నాను.

వేలంలో కొనేస్తే రేపు పగిలినా మా సొమ్మే. కానీ మా వేలంలో ఒక చిక్కుంది. ఫలానాది ఫలానావాళ్లకు కావాలని తెలిస్తే చాలు, 'దేవుడికే కదా' అని నవ్వుతూ ధర పెంచేస్తారు. పోయినేడు తాయారు తానిచ్చిన కోడినే మళ్లీ విడిపించుకోలేకపోయింది. అందుకని పక్కనున్న దానమ్మక్క చెవిలో చెప్పాను.

"నా పేరెత్తకుండా గిటారుకి నువ్వు వేలం పాట పాడక్కా. నాను గిల్లినప్పుడల్లా పెంచు."

"మీ ఆయనకి సెప్పేవేటే?"

"ఆయన నోట్లో మాట నిలవదు."

రూబీకీ చెప్పలేదు. తీరా గిటారు దక్కకపోతే ఇంకా ఏడుస్తుంది.

గిటారు వంతు రాగానే, "రెండొందలు," అంది దానమ్మక్క.

"మూడు!" మగవాళ్ల వైపు నుంచి సైకిళ్లు బాగుచేసే రాబర్ట్ గొంతు.

"ఆడికెందుకే గిటారు?"

"కోటబొమ్మాళి పట్టుకెళ్లి అమ్మీసుకుంటాడు. పెంచక్కా!"

నాలుగు, ఆరు, వెయ్యి. నేను గిల్లుతున్నాను, ఆవిడ అరుస్తోంది, అక్కడ రాబర్ట్ తగ్గడం లేదు. ఎదురుగా కోరసువాళ్లలో నిలబడ్డ రూబీ కళ్లు తుడుచుకుంటోంది. గిటారు ఎవరికో పోతోందనుకుంటోంది పిచ్చిది.

"ఒసే లీలా, సెయ్యి కమిలిపోనాదే!"

"ఇంకొక్కపాలి అక్కా!"

"రెండు వేల ఐదొందలు!"

రాబర్ట్ వెనక్కి తిరిగి ఎవరితోనో గుసగుసలాడి, తల అడ్డంగా ఊపి కూర్చుండిపోయాడు. ఇంత భక్తి ఈ సంఘంలో ఎన్నడూ చూడలేదని పాస్టరుగారు స్తోత్రం చెప్పారు. ఆ డబ్బుకు బరంపురంలో కొత్తదే వస్తుంది.

దానమ్మక్క దగ్గర గిటారు తీసుకుని పైట కింద దాచుకుని బయటికి వచ్చాను. వరండాలో మా ఆయన మొహం వేలాడేసుకుని కూర్చున్నారు.

"రూబీకేటి సెప్పాలి లీలా? నీకు తెలిస్తే బెంగెట్టుకుంటావని రాబర్టు సేత పాడించేను. ఎవులో మాయదారోళ్లు దానమ్మని ముందరెట్టి..."

అప్పుడు ఆయన చూపు నా పైట కిందనుంచి బయటికి పొడుచుకొచ్చిన గిటారు మెడ మీద పడింది.

వెనకే ఉన్న రాబర్ట్ నెత్తి కొట్టుకున్నాడు. "ఏటి బావా! మొగుడూ పెళ్లాం ఇంటికాడ తగువులాడుకుంటే సాలదా, దేవుడి ముందర కూడానా?"

లోపలి నుంచి వచ్చిన మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఊరికే ఇస్తే నువ్వు తీసుకోవని వేలంలో పెట్టానమ్మా. ఇక్కడ రూబీకి తప్ప ఇదెవరికి కావాలి? వందకో నూటయాభైకో మీ ఇంటికి వచ్చేస్తుందనుకున్నాను."

ఆ మాట మీదే రూబీని పిలిచారు. "రామ్మా, కూర్చో. ఇవాళే మొదలెడదాం."

రూబీ వరండా మెట్టు మీద కూర్చుని గిటారు ఒడిలో పెట్టుకుంది. మాస్టారిచ్చిన కడ్డీ తీగల మీద జార్చింది. ఆ శబ్దానికి లోపల చాపలు చుడుతున్నవాళ్లు ఎవరికేమైందోనని బయటికి పరిగెత్తుకొచ్చారు. రూబీ మాత్రం తుఫాను తర్వాత మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది.

"మొకం అంత వొంచకే! తీగ తెగి కంట్లో పడితే?"

"అమ్మా, నువ్వు అవతలికెళ్లి కూకో."

రెండడుగులు జరిగాను. మూడో అడుగు వేస్తే, తీగ తెగినప్పుడు నా చెయ్యి అందదు.