మిరపమొక్కకో పిడికెడు

రైల్వే సాబు బంగళా పచ్చికలో ఎర్రయ్య గొంతుక్కూర్చుని గడ్డిని అరచేత్తో నిమిరాడు. చెయ్యి తడవలేదు. మంచు ఆరింది. తడిమీద చల్లితే యూరియా ఆకుకంటుకుని మాడ్చేస్తుంది. అల్యూమినియం బేసినులో యూరియా, పొడి ఇసుక కలిపి చంకన పెట్టుకుని, గోడవార నుంచి వెనక్కి నడుస్తూ చల్లసాగాడు. విజయనగరం పక్క పల్లెలో వడ్లు చల్లిన చెయ్యి అది. ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో మాలీగా ముసలివాడైనా ఆ విసురు పోలేదు.

చలి పడకముందు పచ్చికకు పెట్టే ఆఖరి మేత ఇది. కిందటేడు ఆలస్యం చేశాడు. నేల చల్లబడ్డాక చల్లితే వేళ్ళు అందుకోలేదు. క్రిస్మస్ విందు నాటికి గడ్డి పసుపు తిరిగి, అతిథుల కుర్చీల కింద పాత చాపలా చిరిగింది. ఈసారీ అలాగే అయితే వేరే మాలీని చూసుకుంటానంది మేమ్‌సాబ్. రిటైరైనా బంగళా వెనక ఔట్‌హౌసులో ఉండనిస్తున్నది ఈ పచ్చిక కోసమే. వేరే మాలీ వస్తే ఆ గదీ అతనిదే.

ఈ ఏడేమో దసరా దాటినా వానలు వదల్లేదు. వానలో చల్లితే అంతా కాలవపాలు. ఇవాళే తెరిపిచ్చింది. పొద్దుటినుంచి ఎడమ భుజం లాగుతోంది. నిన్న బస్తా మోసినందుకనుకున్నాడు.

నూకాలమ్మ క్యారేజీ తెచ్చి గోడమీద పెట్టింది. తలంటుకున్న జుట్టు ఇంకా ఆరలేదు.

"తినేసి సెయ్యొచ్చు కదేటి? సేపల పులుసు. నీకని తలకాయి దాసినాను."

"వర్క్‌సాపు సైరనూదనీ. నీల్లు కట్టేసి తింతాను."

"పెల్లయిన కాణ్ణించీ ఆ సైరన్‌తోనే కాపరం. మరి నన్నెందుకు తెచ్చుకున్నావో."

"అది కాసేపు అరిసి ఊరుకుంతాది."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నా మిరపమొక్కకో పిడికెడు మిగుల్సు."

"సాబు ఎరువే అది. దొంగసొత్తు."

"మొక్కకేటి తెలుసు?"

ఆమె ప్రమిదల కోసం గోల్‌బజార్ వెళ్ళింది. ఎర్రయ్య అడుగున ఓ పిడికెడు ఉంచి, బేసిను ఔట్‌హౌసు వెనక మిరపమొక్క దగ్గర పెట్టి వచ్చాడు. పైపు పట్టి నీళ్ళు మొదలెట్టాడు. ఎరువు కరిగి వేళ్ళదాకా దిగాలి, అంతకు మించి పోకూడదు. ఎప్పుడూ వాచీ కట్టి ఎరగడు. వర్క్‌షాపులో మధ్యాహ్నం సైరన్ ఊదితే కుళాయి కట్టేయడం, ముద్ద తినడం.

ఎండ గోడ దాటింది. సైరన్ ఊదలేదు. నొప్పి మోచేతిదాకా దిగింది. చెమట పట్టింది. ఓపిక లేనప్పుడు పొద్దు ఇలాగే కదలదనుకుని కుళాయి గట్టుమీద కూలబడ్డాడు.

గోల్‌బజార్‌లో ప్రమిదలు ఏరుతున్న నూకాలమ్మకు వర్క్‌షాపు ఫిట్టరొకడు పిల్లను భుజానెక్కించుకుని ఎదురయ్యాడు. ఈ వేళప్పుడు బజార్లో ఏం చేస్తున్నాడా అనుకుంది. అప్పుడు వెలిగింది. దీపావళి నాడే ఇక్కడ కాళీపూజ, ఇవాళ వర్క్‌షాపుకు సెలవు. సైరన్ ఊదదు. ఎర్రయ్యకీ గుర్తులేదు, తనకూ లేదు. ఒక్కతే నవ్వుకుంది. ఏడిపించడానికి వేడి జిలేబీ పొట్లం కట్టించుకుంది.

ఎర్రయ్య గోడకు జారగిలబడి ఉన్నాడు. పైపు చేతిలోంచి జారి, నీళ్ళు పాదం మీదుగా పారుతున్నాయి. క్యారేజీ మూత తియ్యలేదు.

"ఇయ్యేల సైరనూదదు. లే, తిను."

మళ్ళీ అంది. చెయ్యి పట్టి చూసింది. నీళ్ళు ఎక్కువైతే ఎరువు కొట్టుకుపోతుందని అతననే మాట తలకెక్కింది కాబోలు, ముందు కుళాయి కట్టింది. తర్వాత పక్కన కూర్చుంది.

క్రిస్మస్ విందునాటికి పచ్చిక నల్లపచ్చగా లేచింది. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి నడిచారు. అప్పటికే నూకాలమ్మ ఖరిదాలో చెల్లెలింటికి మారిపోయింది. ఔట్‌హౌసులో కొత్త మాలీ పెళ్ళాం బట్టలారేస్తోంది. వెనక, ఎండిన మిరపమొక్క పక్కన, బేసిను అలాగే ఉంది. అడుగున ఇసుక మంచుకు తడిసి గడ్డకట్టింది. దానిమీద నాలుగు వేళ్ళ చారలు.